గోడ మీదుగా కూర గిన్నె

జపాన్ వాళ్ల పాత చెక్క అచ్చు బొమ్మల పుస్తకం నా చేతికి చిక్కడం ఒక ఖర్మ. దాన్ని తీసుకెళ్లి మా అవ్వ ముందు పెట్టడం ఇంకో ఖర్మ.

నేను కరీంనగర్‌లో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్ని. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు ఏరి పారేస్తుంటే, అట్ట ఊడిన ఈ పుస్తకం పాత పేపర్లవాడి తక్కెట్లోకి పోకముందే అడిగి తెచ్చుకున్నాను. అదే వారం సెలవు పెట్టి, మంచిర్యాల దిక్కు బొగ్గుబాయి కాలనీలో ఉండే అమ్మానాన్నల దగ్గరికి బస్సెక్కాను. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బాపు బాయి పని నుంచి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, కరీంనగర్‌లో మా గల్లీలోనే తీసుకున్న చిన్న ఇంటికి రావాలి. సామాను సర్దడానికి పోయేదాన్ని సంచిలో బొమ్మల పుస్తకం ఎందుకు వేసుకున్నానో నన్నడగకండి. అంత బుద్ధి ఉంటే డ్రాయింగ్ టీచర్ని ఎందుకవుతాను?

మధ్యాహ్నం అన్నాలయ్యాక అవ్వ ఆ పుస్తకం ముందేసుకుంది. మంచు కొండలు, సముద్రాలు ఉన్న పేజీలను చకచకా తిప్పేసింది.

"గుట్టలు మన దగ్గర లెవ్వా? ఇండ్లల్ల ఏం జరుగుతున్నదో గది చూపియ్యి" అంది.

ఇళ్లల్లో జరిగేవి ఆ పుస్తకంలో కావలసినన్ని ఉన్నాయి. ఆ బొమ్మలు గీసినవాళ్లకు రాజులతో పనిలేదు. బట్టలారేసే ఆడవాళ్లు, చేపలమ్మేవాడు, చంకలో పిల్లతో దోమతెర కట్టుకునే తల్లి, అద్దం ముందు జడ వేసుకునే పిల్ల. తలుపు ఓరగా తీసి ఉన్న ఇంట్లోకి తొంగిచూసి గీశారా అనిపిస్తుంది. తొంగిచూడటంలో మా అవ్వ ఎవరికీ తీసిపోదు. కాబట్టి పుస్తకానికి, ఆమెకు వెంటనే కుదిరింది.

"గీమె చూడు, దీపం పెట్టినంక గోర్లు తీసుకుంటున్నది. అందుకే మొగం గట్లున్నది. ఇంట్ల లక్ష్మి నిలుస్తదా?" అంది. తర్వాతి పేజీలో బుగ్గలు కొట్టుకుంది. "అయ్యో, బంగారమసొంటి పిల్ల! పండ్లు గంత నల్లగున్నయి. తంబాకు నములుతదా?"

"కాదే అవ్వా. గా కాలంల అక్కడ పెండ్లయినోళ్లు పండ్లకు నల్లరంగు ఏసుకునేటోళ్లట. గదే అందమట."

"పెండ్లయినంక పండ్లెవడు చూస్తడే!"

పాత ఇనుప పెట్టె ముందు కూర్చుని, ఏ వస్తువూ పారెయ్యనివ్వకుండా సర్దుతున్నానని చెప్పుకుంటున్న బాపు కూడా మెడ సాచాడు. వాన పడుతుంటే జనం వంతెన మీద ఉరుకుతున్న బొమ్మ అది. ఒక్క గొడుగు కింద ముగ్గురు దూరారు. ఒకాయన గడ్డితో అల్లింది నెత్తి మీంచి కప్పుకున్నాడు.

"అరె, గొర్లకాడ గొంగడి కప్పుకున్నట్టే ఉన్నది గదా! డ్యూటీ ఇడిసేటప్పుడు వానొస్తే మన గేటు కాడ గిట్లనే ఉరుకుదుము" అన్నాడు. చేపలవాడి పేజీ వస్తే, "గది కొర్రమట్టనా?" అని అడిగాడు.

"సముద్రం చేప, బాపూ."

"అయితే రుచుండది" అని తేల్చేసి పెట్టె వైపు తిరిగాడు. జపాన్ సముద్రం మొత్తం ఆ ఒక్క మాటతో అయిపోయింది.

ఆ తర్వాతి పేజీ దగ్గర అవ్వ చెయ్యి ఆగింది. రెండిళ్ల మధ్య వెదురు దడి. ఇవతల ఒకామె, అవతల ఒకామె. ఇవతలి ఆమె దడి మీంచి మూతపెట్టిన గిన్నె అందిస్తోంది. అంతే, బొమ్మలో ఇంకేం లేదు.

"ఏమిస్తున్నదే?" అంది అవ్వ.

"నాకేమెర్క? మూత పెట్టి ఉన్నది గదా."

"కూరే అయ్యుంటది."

అంతసేపు వాగిన మనిషి పుస్తకం మూసి, లేచిపోయి, సర్దిన గిన్నెలనే మళ్లీ సర్దడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటే చాలు, లోపల ఏం నడుస్తోందో తెలిసిపోతుంది.

మా క్వార్టరుకు, పక్క క్వార్టరుకు మధ్య నడుమెత్తు గోడ ఒకటుంది. అవతల ఉండే ఆమెను నేను చిన్నమ్మ అంటాను. చుట్టరికం లేదు. ఆమెది ఆదిలాబాద్ అవతల మహారాష్ట్రకు ఆనుకుని ఉన్న ఊరు, మాది హుస్నాబాద్ దిక్కు. బాయి పని రెండు కుటుంబాలనూ తెచ్చి పక్కపక్కన పడేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా కూర ఆ గోడ మీదుగా అటు పోయేది, చిన్నమ్మ చేసిన జొన్నరొట్టెలు ఇటు వచ్చేవి. ఒకసారి బాయిలో పైకప్పు కూలిందని సైరన్ మోగింది. చిన్నమ్మ భర్త ఆ పూట ఇంట్లోనే క్షేమంగా ఉన్నాడు. అయినా బాపు పైకి వచ్చేదాకా బాయి గేటు దగ్గర మట్టిలో అవ్వ పక్కన కూర్చున్నది ఆమే. ఆ సంగతి అవ్వ ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటుంది.

అట్లాంటి ఇద్దరి మధ్య మాటలు పోయాయి. ఎందుకు? సద్దుల బతుకమ్మ రోజు కాలనీ మైదానంలో ఆఫీసర్ల భార్యలందరి ముందు చిన్నమ్మ, "అక్కా, నీ బతుకమ్మ జర వంగింది, సక్కగ పెట్టరాదు" అన్నందుకు. తంగేడు, గునుగు పూలు వరుసలు వరుసలుగా పేర్చి, ఒక పూటంతా నడుము విరగ్గొట్టుకున్న అవ్వకు అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "వంగింది నా బతుకమ్మ కాదు, నీ కండ్లు" అంది. అంతే. రెండేళ్లు దాటినా కూర అటు పోలేదు, రొట్టె ఇటు రాలేదు. నేనా బతుకమ్మను ఫోన్‌లో ఫోటో చూశాను. వంగింది. ఆ మాట ఈ ఇంట్లో అనే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

మగవాళ్లిద్దరూ మాత్రం రోజూ కలిసే చాయ్ తాగుతారు. ఇళ్లకు వచ్చేటప్పుడు చెరో దిక్కు నుంచి వస్తారు.

మాట్లాడుకోరు అన్నానే గానీ, వినిపించుకోవడం మానలేదు. నేను కరీంనగర్ నుంచి ఫోన్ చేస్తే అవ్వ గోడ దగ్గరికి వచ్చి మరీ అరిచేది. "ఇల్లు ఇడిసి పెడుతున్నం బిడ్డా! వచ్చే వారమే! ఇగ గీ మొకాలు మనకు కనబడయి!" అవతల టీవీ గొంతు పెరిగేది. కాసేపటికి చిన్నమ్మ నీళ్లు పడుతూ తన నల్లాతో అనేది, "పోయెటోళ్లు పోతరు, నాకేం ఫికరు." నల్లా ఏం జవాబు చెబుతుంది పాపం!

ఆ సాయంత్రం నేనే అడిగాను. "అవ్వా, పోయే ముందు నువ్వే ఒక మాట మాట్లాడరాదు?"

"నేనెందుకు మాట్లాడుత? వంగిందన్నదెవలు?" అంది. తర్వాత చేటలో బియ్యం చూస్తూ, నా వైపు చూడకుండా, "ఇన్నేండ్లు పక్కపక్కన బతికినం. మొకం చూడకుండ పోతే ఆడ నాకు నిద్ర పడుతదా బిడ్డా? ఆమె ఒక్కసారి మన గడప తొక్కితే చాలు" అంది. మా అవ్వ ఇంత నేరుగా ఏదైనా అడగడం నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఒక పూలకుప్ప కోసం ఇంత లొల్లా?

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. బోల్తా పడటానికి ముందు నాకెప్పుడూ అట్లాగే వెలుగుతుంది.

జపాన్ బొమ్మలాగే నేనూ ఒక చెక్క అచ్చు చేస్తాను. వెదురు దడి బదులు మా గోడ. ఇవతల అవ్వ, అవతల చిన్నమ్మ, మధ్యలో కూర గిన్నె. నోటితో అడగలేనిది బొమ్మ అడుగుతుంది. బడి పిల్లల కోసం నిర్మల్ నుంచి తెచ్చిన పొణికి చెక్క ముక్క, చెక్కే ఉలులు నా సంచిలోనే ఉన్నాయి. నిర్మల్‌లో బొమ్మలు చేసేది ఈ చెక్కతోనే. బరువుండదు, గోరు గుచ్చితే దిగుతుంది. కాలనీ బయటి ప్రింటింగ్ ప్రెస్సులో కొంచెం నల్ల ఇంకు అడుక్కొచ్చాను.

మర్నాడు అవ్వకు చెప్పకుండా వెనక వరండాలో చెక్కడం మొదలుపెట్టాను. దాపరికం ఏం కుదురుతుంది? ఆమె వచ్చి చూసి, "రొట్టెపీట చేస్తున్నవా?" అని అడిగింది. అవునన్నాను. "గన్ని గీతలు పెడితే పిండి ఇరుక్కుంటది" అని సలహా ఇచ్చి పోయింది. బాపుకు అసలు సంగతి చెప్పక తప్పలేదు. ఆయన పక్కన స్టూలేసుకుని సూపర్‌వైజరైపోయాడు. "మీ అవ్వ ముక్కు గంత పెద్దగుండది", "గిన్నె చిన్నగైంది, గందుల ఏం కూర పడుతది?", "గోడకాడి జామచెట్టు మరిచిపోయినవు" అంటూ నా ప్రాణం తీశాడు. జామచెట్టు పెట్టాను. ముక్కు మాత్రం తగ్గించలేదు, ఉన్నదున్నట్టే చెక్కాను.

అచ్చు తీయడానికి చెక్క మీద ఇంకు పూసి, కాగితం పరిచి, వెనకనుంచి రుద్దాలి. జపాన్ వాళ్లకు దానికి వేరే సాధనం ఉంది. నేను అవ్వ పప్పు గంటె తీసుకున్నాను. గంటె వెనక వైపుతో రుద్ది రుద్ది కాగితం లేపితే, అబ్బ! గోడ, చెట్టు, ఇద్దరు ఆడవాళ్లు, గిన్నె. పుస్తకంలో నుంచి ఊడిపడ్డట్టే వచ్చింది. సంతోషంతో ఇంకోటి కూడా తీసి దండెం మీద వేశాను. మొదటిది ఆరీ ఆరకముందే బాపు చాయ్‌కు పోతూ పట్టుకుపోయాడు. "మీ చిన్నమ్మ పెనిమిటికిస్తే ఆయన ఆమెకిస్తడు. రేపటికల్లా రొట్టెలు రాకుంటే చూడు" అన్నాడు. బాపు తపన ఎక్కడుందో అప్పుడు తెలిసింది. గంటె సరిగా కడగలేదని మాత్రం రాత్రి పప్పు చూశాకే గుర్తొచ్చింది.

పొద్దున అవ్వ దండెం మీది బట్టలు తీస్తూ రెండో కాగితం చూసింది. నేను పళ్లు తోముకుంటూ దొంగచూపు చూస్తున్నాను. మొదట ఆమె మొహం విచ్చుకుంది. వేలితో గోడను తడిమింది, చిన్నమ్మ కొప్పును తడిమింది. తర్వాత ఆ వేలు గిన్నె దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఏందే ఇది?"

"మంచిగ రాలేదా అవ్వా?"

"నేను ఎడమ చేత్తోటి ఇస్తున్న!"

నోట్లో నురుగు మింగేశాను.

మా దగ్గర ఎడమ చేత్తో ఇవ్వడమంటే ఇవ్వకపోవడం కంటే అధ్వానం. పసిపిల్ల చాక్లెట్ ఎడమ చేత్తో ఇచ్చినా వీపు మీద ఒకటి పడుతుంది. అన్నం పెట్టేది, పసుపు కుంకుమలిచ్చేది, కూర పంచేది కుడి చేత్తోనే. అట్లాంటిది, రెండేళ్లుగా మాటల్లేని మనిషికి, ఇల్లు విడిచిపోయే వారంలో, మా అవ్వ ఎడమ చేత్తో కూర ఇస్తున్న బొమ్మ పంపాను. తిట్టడానికి బొమ్మ గీయమంటే ఇంత బాగా గీసేదాన్ని కాదు.

ఎట్లా జరిగిందంటే, గీసిన కాగితాన్ని చెక్కకు బోర్లా అంటించి చెక్కాలి. జపాన్ వాళ్లు అట్లాగే చేసేవాళ్లు. ఆ ముక్క పుస్తకంలో ఉంది, నేను చదివాను కూడా. బోర్లా అంటిస్తే నా గీతలు నాకే మసగ్గా కనిపించి, ఏమవుతుందిలే అని వెల్లకిలా అంటించాను. అద్దంలో చూసినట్టు మొత్తం తిరగబడింది. జామచెట్టు అటుది ఇటు రావడం సాయంత్రమే చూశాను. చెట్టే కదా, ఎటుంటే ఏమిటని ఊరుకున్నాను. చెట్టుతోపాటు చేతులూ మారతాయని తట్టలేదు. నేను పిల్లలకు బొమ్మలు నేర్పుతాను, గుర్తుంచుకోండి.

"కొంగు చూడు, కుడి భుజం మీదున్నది! ముక్కుపుల్ల దిక్కు మారింది!" అవ్వ అరుస్తోంది. బాపు వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "అరె, మనం ఆళ్ల క్వార్టర్ల ఉన్నం, ఆళ్లు మన క్వార్టర్ల ఉన్నరు" అన్నాడు.

"ఆమెకు పంపలే గదా?" అంది అవ్వ.

బాపు నన్ను చూశాడు. నేను బాపును చూశాను. అవ్వ మమ్మల్నిద్దరినీ చూసి, అక్కడే మెట్టు మీద కూలబడింది. "అయిపాయె. ఇగ జన్మల రాదు. పోయేముందు మొకం మీద ఉమ్మేసి పోయిందనుకుంటది" అంది. అరిచినా బాగుండేది. మెల్లగా అంది.

"బాపూ, పోయి వాపస్ తీసుకురా!"

"ఇచ్చినదాన్ని ఎట్ల అడుగుదు?"

"ఇంకు ఆరలేదని చెప్పు! ఏదన్న చెప్పు!"

బాపు ఒక కాలికి చెప్పు వేసుకున్నాడో లేదో, గేటు గడియ పడిన చప్పుడైంది. చిన్నమ్మ. చేతిలో కాగితం. ఆమె మామూలుగానే గట్టి మనిషి, ఆ పొద్దున ఇంకా పెద్దగా కనిపించింది. అవ్వ లేచి ఒక్క ఉరుకున వంటింట్లో దూరింది. బాపు రెండో చెప్పు వెతుక్కుంటున్నట్టు మంచం కిందికి వంగిపోయాడు. మిగిలింది నేను, నా బ్రష్షు.

"ఎవలు గీసిండ్రు గిది?"

"నేనే చిన్నమ్మా. అది చెక్క తిరగబడి..."

"నీ చెక్క కథ నాకెందుకు? గీమె ఎవలు?"

"అవ్వ."

"గీ చెయ్యేంది?"

"ఎడమ చెయ్యి. కాని చిన్నమ్మా, అవ్వకు తెల్వదు, ఆమె తప్పేం లేదు..."

"ఆమె తప్పని నేనన్ననా?" చిన్నమ్మ గొంతు కాలనీ మొత్తానికి వినిపించేలా లేచింది. "మీ అవ్వ ఎన్నడన్న ఎడమ చేత్తోటి ఇచ్చిందా? తిన్నదాన్ని నేను, నాకెర్క! చెయ్యి తడిగుంటే కొంగుకు తుడుసుకొని ఇచ్చేది. నూనె పడి కుడి చెయ్యి కాలి గుడ్డ కట్టుకున్ననాడు సుత, ఎడమ చేత్తోటి ఇయ్యద్దు చెల్లె, నువ్వే అచ్చి తీసుకపో అన్నది. గసొంటి మనిషిని గిట్ల గీస్తవా? ఎవలన్న చూస్తే మా అక్కను ఏమనుకుంటరు? సదువుకున్నవు, సిగ్గులేదా?"

నేను తిట్లు తింటూ నిలబడ్డాను. జీవితంలో ఎవరి తిట్లూ నాకంత తియ్యగా అనిపించలేదు.

వంటింట్లో నుంచి అవ్వ వచ్చింది. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పొద్దటి సంది నేనూ గదే అంటున్న, చెల్లె!" అంది అవ్వ. "నా మాట ఇంటలేదు. జర నువ్వన్న చెప్పు దీనికి."

ఇంకేముంది, ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. కొంగు చూడు అని ఒకరు, ముక్కు చూడు అని ఇంకొకరు. "నన్ను గింత దొడ్డుగ గీసిందేందే" అని అవ్వ వాపోతే, "నువ్వు దొడ్డుగనే ఉన్నవు తియ్యి అక్కా" అంది చిన్నమ్మ. మంచం కింద నుంచి బాపు తల బయటికొచ్చింది. మళ్లీ రెండేళ్లు మొదలా?

"నువ్వేమన్న సన్నగున్నవా!" అంది అవ్వ, నవ్వు ఆపుకోలేక. చిన్నమ్మ కూడా నవ్వింది. ఆ సందులో బాపు లేచి, "చెల్లె, రొట్టెలేమన్న చేసినవా?" అని అడిగి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు.

కట్టిపెట్టిన మూటల మధ్య చాప వేసి అవ్వ చిన్నమ్మకు అన్నం పెట్టింది. పొద్దున్నే అన్నమేమిటని ఎవరూ అనలేదు. వద్దన్న కొద్దీ కూర వేసింది. నేను మంచితనం చూపించుకుందామని ముందుకొచ్చాను. "చిన్నమ్మా, గా కాగితం ఇటియ్యి, చింపేస్త. ఈసారి బోర్లా అంటించి సక్కగ చేసి ఇంకోటిస్త" అన్నాను.

చిన్నమ్మ ఎంగిలి కాని చేత్తో కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "ముట్టకు. తప్పున్నా, గీమె మా అక్క" అంది.

"సక్కటిదెందుకే మాకు?" అంది అవ్వ, కూర గిన్నె పట్టుకుని. "సక్కటిది మాకెర్కనే గదా."

తర్వాత చూస్తే ఇద్దరూ ఏడుస్తున్నారు. నన్ను తిట్టడం మాత్రం ఆపలేదు.